డౌన్‌హిల్‌లో మేటి ఎవరు? గడియారం తేల్చలేని లెక్క

ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్‌లో స్ట్రైఫ్ అనే స్కీ ట్రాక్ ఉంది. దాని మీద రికార్డు టైమ్ ఫ్రిట్స్ స్ట్రోబుల్‌ది: 1 నిమిషం 51.58 సెకన్లు, 1997 జనవరిలో. అదే నెలలో స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో, లాబర్‌హార్న్ ట్రాక్‌ను ఇటలీకి చెందిన క్రిస్టియాన్ గెడీనా 2 నిమిషాల 24.23 సెకన్లలో దిగాడు. ఆ తర్వాత స్కీలు మారాయి, డ్రెస్సులు మారాయి, ట్రైనింగ్ పద్ధతులు మారాయి. ఆ రెండు రికార్డులు మాత్రం దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయాయి. డౌన్‌హిల్ స్కీయింగ్‌లో ఈ రెండు కొండలను మించిన పేరున్నవి లేవు. కాబట్టి గడియారం మాటే వినాలనుకుంటే అన్ని కాలాల్లోనూ మేటి రేసర్లు స్ట్రోబుల్, గెడీనా అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు.

కానీ అలా ఎవరూ రాయరు. స్ట్రోబుల్ 2002లో ఒలింపిక్ చాంపియన్, గెడీనా వరల్డ్ కప్‌లో (ఏటా శీతాకాలమంతా సాగే రేసుల వరస) పదికి పైగా డౌన్‌హిల్స్ గెలిచినవాడు. ఇద్దరూ గట్టివాళ్లే. అయినా మేటి ఎవరన్న మాట వస్తే ముందు ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ క్లామర్ పేరు వస్తుంది. తర్వాత కిలీ, సైలర్, హెర్మన్ మయర్, క్యూష్, స్విందాల్ అంటూ ఎవరి వయసును బట్టి వాళ్లు తమ హీరోను ముందుకు తెస్తారు. పరుగు పందెంలోనో ఈతలోనో ఇంత పేచీ ఉండదు. అక్కడ వంద మీటర్లు ఎప్పుడైనా వంద మీటర్లే. డౌన్‌హిల్‌లో కొలత కర్రే ఏటా మారిపోతుంటుంది.

ఆట నియమం చూడ్డానికి చాలా సులువు. కొండ పైనుంచి కిందికి, దారి చూపే జెండాల గేట్ల మధ్యగా, ఒకే ఒక్క పరుగు. ఎవరు తక్కువ టైమ్‌లో దిగితే వాళ్లదే గెలుపు. దగ్గరదగ్గరి గేట్ల మధ్య మెలికలు తిరిగే స్లాలమ్‌లో లాగా రెండో పరుగులో సర్దుకునే అవకాశం ఉండదు. రేసుకు ముందు రోజుల్లో ట్రైనింగ్ పరుగులు ఉంటాయి, ట్రాక్‌ను బాగా పరిశీలించుకోనిస్తారు. అసలు రోజున మాత్రం ఏ మలుపులో కాలు తడబడినా ఆ రేసు అయిపోయినట్టే. మగవాళ్ల రేసులో కొండ ఎత్తు తేడా 800 మీటర్లకు పైనే ఉంటుంది. వేగం గంటకు 120, 130 కిలోమీటర్లు మామూలే. వెంగెన్‌లో 2013లో ఫ్రాన్స్ రేసర్ యోహాన్ క్లారే 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. గంటకు 120 కిలోమీటర్ల దగ్గర సెకనులో వందో వంతు అంటే నేల మీద 33 సెంటీమీటర్లు. ఒక అడుగు అనుకోండి. కెరీర్లు ఆ ఒక్క అడుగు దగ్గరే అటో ఇటో అవుతాయి.

టైమ్‌లను పోల్చలేకపోవడానికి కారణాలు వెతుక్కోవాల్సిన పని లేదు. ఒకే కొండ, ఒకే వారంలో, రెండు రోజుల్లో రెండు రకాలుగా ఉంటుంది. రాత్రి మంచు పడితే ట్రాక్ నెమ్మదిస్తుంది, గడ్డ కడితే పరుగెత్తుతుంది. ట్రాక్ ఒకేలా గట్టిపడాలని ఇప్పుడు మంచులోకి నీళ్లు ఎక్కిస్తున్నారు. ప్రమాదాలు జరిగిన చోట గేట్లు జరుపుతారు, జంప్‌లు చదును చేస్తారు, వేగం తగ్గించడానికి ఒక మలుపు అదనంగా పెడతారు. అందుకే పాత రికార్డును కొత్తవాళ్లు కొట్టలేకపోయారంటే వాళ్లు పాతవాళ్ల కన్నా నెమ్మది అని అర్థం కాదు. వాళ్లు దిగుతున్న ట్రాకే వేరు.

ఇక సామగ్రి సంగతి. 1960లో స్క్వా వ్యాలీ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ వ్వార్నే లోహపు స్కీలతో గెలిచాడు. అంతకుముందు రాజ్యం చెక్క స్కీలది. మోకాళ్లు ముడిచి, వీపు వంచి, చేతులు ముందుకు చాచి గుడ్డు ఆకారంలో ఒదిగే భంగిమకు పేరు తెచ్చిందీ ఆయనే. ఇప్పుడు చిన్నపిల్లలు కూడా మొదటి సీజన్‌లోనే నేర్చుకునే ఆ భంగిమ అప్పట్లో ఓ ఆయుధం. 1970లలో రేసర్లు ట్రాక్ పక్కన గడ్డి మోపులు చూస్తూ దిగేవాళ్లు. ఇప్పుడు వరుసల మీద వరుసలుగా వలలు ఉంటాయి. 2012-13 సీజన్ నుంచి మగవాళ్ల డౌన్‌హిల్ స్కీ కనీసం 218 సెంటీమీటర్ల పొడవు, 50 మీటర్ల వ్యాసార్ధపు వంపు ఉండాలన్నారు. వ్యాసార్ధం పెరిగి వంపు తక్కువైన స్కీ తేలిగ్గా తిరగదు, కాలి బలంతో తిప్పుకోవాలి. డ్రెస్ లోంచి గాలి ఎంత దూరాలో కూడా రూలు ఉంది. ఇన్ని మారాక 1976 నాటి టైమ్ పక్కన 2022 నాటి టైమ్ పెట్టి చూడడం వృథా.

అందుకే పోల్చడానికి పనికొచ్చేది ఒక్కటే. ఆ రోజు, ఆ కొండ మీద, అదే మంచులో దిగిన మిగతావాళ్లకన్నా ఎంత ముందున్నారు? ఎన్నేళ్లు ముందున్నారు? మొదట్లో ఇది తిరుగులేని కొలతలాగే కనిపిస్తుంది. దీనికీ ఇబ్బందులు ఉన్నాయి.

టోనీ సైలర్‌ను చూడండి. 1956లో కోర్టినా ఒలింపిక్స్‌లో మూడు ఆల్పైన్ స్వర్ణాలూ (డౌన్‌హిల్, స్లాలమ్, గేట్లు దూరదూరంగా ఉండే జెయింట్ స్లాలమ్) ఆయనవే. డౌన్‌హిల్‌ను మూడున్నర సెకన్ల తేడాతో గెలిచాడు. ఈ రోజుల్లో మొదటి పదిహేను మంది ఆ మూడున్నర సెకన్ల లోపే ఉంటారు. ఆ రేసుకు ముందు ఆయన స్కీ పట్టీ తెగిపోయింది, ఇటలీ జట్టు ట్రైనర్ తన పట్టీ విప్పి ఇచ్చాడు. అలాంటి ఆటగాడిని ఎలా తక్కువ చేస్తాం? అయితే ఆ రోజు గాలికీ గడ్డకట్టిన మంచుకూ చాలామంది పడిపోయారు. ఆ కాలంలో ఏడాదంతా స్కీయింగే పనిగా పెట్టుకున్నవాళ్లు కొద్దిమంది. పోటీ పలచగా ఉన్నచోట తేడా పెద్దదిగానే కనిపిస్తుంది. సైలర్ గొప్పవాడా అంటే నిస్సందేహంగా గొప్పవాడే. ఆ మూడున్నర సెకన్లలో ఆయన వాటా ఎంత, పోటీ పలచదనం వాటా ఎంత అన్నది మాత్రం విడదీసి చెప్పలేం.

జాన్-క్లోడ్ కిలీ విషయంలో దీనికి తలకిందులు. 1967లో వరల్డ్ కప్ మొదలైన సీజన్‌లో ఐదు డౌన్‌హిల్స్ జరిగితే ఐదూ ఆయనే గెలిచాడు. మరుసటి ఏడాది గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో సొంత దేశంలో మూడు స్వర్ణాలు. కానీ అక్కడ డౌన్‌హిల్ గెలిచిన తేడా సెకనులో వందకు ఎనిమిది వంతులే, అదీ తోటి ఫ్రాన్స్ రేసర్ గై పెరియా మీద. ఆ వెంటనే, 25 ఏళ్లు నిండకముందే, రిటైరయ్యాడు. రెండు శీతాకాలాల మీద ఒక సింహాసనం కట్టొచ్చా? కొందరు కట్టొచ్చంటారు. ఈ వ్యాసం లెక్కలో కిలీ మూడు విభాగాల్లోనూ మేటి స్కీయర్, డౌన్‌హిల్‌కు మాత్రం మొదటి పేరు కాదు.

పతకాల లెక్క ఇంతకన్నా అన్యాయం. ఒలింపిక్ డౌన్‌హిల్ నాలుగేళ్లకు ఒకసారి, ఒక్క పరుగు, చాలాసార్లు రేసర్లకు కొత్తదైన కొండ మీద. 1980లో లేక్ ప్లాసిడ్‌లో గెలిచిన లియోన్‌హార్డ్ స్టాక్ మొదట ఆస్ట్రియా జట్టులో అదనపు ఆటగాడు. 1994లో గెలిచిన అమెరికా రేసర్ టామీ మో అప్పటికి వరల్డ్ కప్ రేసు ఒక్కటీ గెలవలేదు. 1998లో నగానోలో గెలిచిన జాన్-లుక్ క్రెటియే అప్పటిదాకానే కాదు, కెరీర్ మొత్తంలోనూ వరల్డ్ కప్ రేసు గెలవలేదు. 1976లో మహిళల డౌన్‌హిల్ స్వర్ణం తీసుకున్న రోజీ మిట్టర్‌మయర్ అసలు స్లాలమ్ రేసర్, వరల్డ్ కప్ డౌన్‌హిల్ ఆమె ఖాతాలో ఒక్కటీ లేదు. ఆ రోజున వాళ్లంతా అందరికన్నా వేగంగా దిగినవాళ్లే, వాళ్ల పతకాలకు వంక పెట్టే పని లేదు. మేటి ఎవరో తేల్చే సాక్ష్యంగా మాత్రం అవి నిలబడవు.

అవతలి వైపు చూస్తే స్విట్జర్లాండ్‌కు చెందిన పీటర్ ముల్లర్ వరల్డ్ కప్‌లో 19 డౌన్‌హిల్స్ గెలిచాడు, ప్రపంచ చాంపియన్ అయ్యాడు, ఒలింపిక్స్‌లో మాత్రం 1984లోనూ 1988లోనూ రజతమే. 1984లో ఆయన్ని వెనక్కి నెట్టింది అమెరికాకు చెందిన బిల్ జాన్సన్. గెలుస్తానని ముందే చెప్పి మరీ గెలిచాడు. మలుపులు తక్కువగా ఉండి జారుడే ప్రధానమైన సారయేవో ట్రాక్ ఆయనకు చక్కగా కుదిరింది. జాన్సన్ వరల్డ్ కప్ విజయాలు మొత్తం మూడు, మూడూ ఆ ఒక్క ఏడాదివే. ఇంకో స్విస్ రేసర్ ఫ్రాంజ్ హైన్జర్ 1991 నుంచి 1993 వరకు వరసగా మూడు డౌన్‌హిల్ టైటిళ్లు (సీజన్ మొత్తం డౌన్‌హిల్ పాయింట్లలో మొదటి స్థానం) గెలిచినవాడు. 1994 ఒలింపిక్స్‌లో స్టార్ట్ గేట్ దాటగానే బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ విరిగి, రేసు మొదలవకుండానే ముగిసింది. ఇంతకీ మగవాళ్లలో ఒలింపిక్ డౌన్‌హిల్‌ను రెండుసార్లు గెలిచినవాళ్లు 1948 నుంచి 2022 దాకా ఒక్కరూ లేరు. ఆ ఘనత మహిళల్లో జర్మనీకి చెందిన కట్యా సైట్సింగర్‌ది: 1994, 1998. మేటి రేసర్ల చర్చల్లో ఆమె పేరు ఎంత అరుదుగా వినిపిస్తుందో చూస్తే, పతకాలకు మన జ్ఞాపకంలో ఉన్న విలువ ఏపాటిదో తెలుస్తుంది.

కాబట్టి వరల్డ్ కప్ విజయాలే నయం. సీజన్ పొడుగునా, రకరకాల కొండల మీద, రకరకాల మంచులో నెగ్గుకురావాలి. ఇక్కడ మగవాళ్లలో మొదటి స్థానం మీద పెద్దగా తగాదా లేదు. క్లామర్ 25 డౌన్‌హిల్స్ గెలిచాడు, ఐదుసార్లు డౌన్‌హిల్ టైటిల్ తీసుకున్నాడు. తర్వాతి తరాల్లో ముల్లర్ 19 దగ్గర, స్టెఫాన్ ఎబర్‌హార్టర్ 18 దగ్గర ఆగారు. టైటిళ్లలో డిడియే క్యూష్, బియాట్ ఫోయిట్స్ నాలుగేసి దాకా వచ్చారు. ఇన్నేళ్లలో క్లామర్ అంకెను దాటినవాళ్లు మగవాళ్లలో రాలేదు.

అంకె కన్నా ఆసక్తికరమైనది ఆ విజయాల తీరు. 1974-75 సీజన్‌లో తొమ్మిది డౌన్‌హిల్స్ జరిగితే ఎనిమిది ఆయనవే. పోయిన ఆ ఒక్కటి మెజేవ్‌లో, స్కీ ఊడిపోయినందువల్ల. ఆ జనవరిలో పక్కపక్కనే ఉన్న రెండు వారాలు చూస్తే చాలు. వెంగెన్‌లో మూడున్నర సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ వేగం దగ్గర అంటే రెండోవాడు దాదాపు వంద మీటర్ల వెనక ఉన్నట్టు. ఈ కాలంలో అలాంటి తేడా కనిపిస్తే ముందు టైమింగ్ మెషీన్‌నే అనుమానిస్తారు. తర్వాతి వారమే కిట్స్‌బ్యూల్‌లో గెలిచిన తేడా సెకనులో వందో వంతు. రెండోవాడు గుస్టావో టోనీ, స్లాలమ్‌కూ జెయింట్ స్లాలమ్‌కూ పేరున్న ఇటలీ రేసర్. ప్రపంచంలోకెల్లా కఠినమైన ట్రాక్ మీద ఒక టెక్నికల్ స్కీయర్ డౌన్‌హిల్ రాజుకు అడుగు దూరంలోకి వచ్చేశాడు. తిరుగులేని ఆధిపత్యం, వెంట్రుక వాసి గెలుపు, రెండూ ఒకే మనిషివి, ఒకే నెలలో. తేడాల సగటు తీసి మేటి ఎవరో చెప్పేద్దామనుకునేవాళ్లు ఈ రెండు వారాలను ఎలా సర్దుతారో చూడాలి.

1976 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్ గురించి ఎన్నిసార్లు చెప్పుకున్నా అయిపోదు, కాబట్టి టూకీగా. పాచర్‌కోఫెల్ కొండ, సొంత దేశం, దేశమంతటి టెన్షన్ 22 ఏళ్ల కుర్రాడి భుజాల మీద. గత ఒలింపిక్ చాంపియన్ బెర్న్‌హార్డ్ రుస్సి ముందే దిగి మంచి టైమ్ పెట్టేశాడు. మొదటి గ్రూపులో చివరి నంబరు, 15, క్లామర్‌ది. మధ్య టైమ్ దగ్గర వెనకబడ్డాడు. కింది భాగంలో పడిపోతాడేమో అనిపించేలా, చేతులు గాల్లోకి లేస్తుండగా, తనకు మాత్రమే తోచిన దారిలో దూసుకెళ్లి 0.33 సెకన్లతో గెలిచాడు. ఆ పరుగును ఆదర్శంగా పెట్టి ఏ కోచ్ కూడా నేర్పడు. పసుపు రంగు డ్రెస్‌లో ఆ పరుగు టీవీలో చూసినవాళ్లకు డౌన్‌హిల్ అంటే అదే అయిపోయింది. క్లామర్ పేరు చర్చల్లో ముందుండడానికి ఆ ఒక్క నిమిషం 45.73 సెకన్ల ప్రసారం ఎంత కారణమో, 25 విజయాలూ అంతే కారణం. టీవీ ఇంకా ఇంటింటికీ చేరని కాలంలో గెలిచిన సైలర్‌కు ఆ అదృష్టం తక్కువ.

క్లామర్ కెరీర్‌లో ఒక గుంత కూడా ఉంది. 1978 తర్వాత మళ్లీ గెలవడానికి 1981 డిసెంబర్ దాకా పట్టింది. 1980 ఒలింపిక్స్‌కు డిఫెండింగ్ చాంపియన్ అయిన ఆయన్ని ఆస్ట్రియా జట్టులోకే తీసుకోలేదు. తిరిగొచ్చి 1983లో ఐదో టైటిల్, 1984లో స్ట్రైఫ్ మీద నాలుగో గెలుపు అందుకున్నాడు. శిఖరం మీద మూడు నాలుగేళ్లు, లోయలో మూడేళ్లు, మళ్లీ శిఖరం. ఆయన్ని మేటి అనడానికి ఆ తిరిగి రావడమే బలమైన ఆధారం, 1975 నాటి వరస విజయాల కన్నా కూడా.

కొండల సంగతి వదిలేస్తే చర్చ సగమే అవుతుంది. అన్ని గెలుపులూ ఒక్కటి కావు. స్ట్రైఫ్ గేటు దాటాక కొన్ని సెకన్లకే మౌసెఫాలె అనే చోట వాలు 85 శాతం. అక్కడ గాల్లోకి లేచి దిగగానే శరీరాన్ని అణిచేసే మలుపు, దాని వెంటనే గడ్డకట్టిన స్టైల్‌హాంగ్. చివర్లో, కాళ్లు మంటలెత్తుతుండగా, హౌస్‌బెర్గ్ అంచు మీంచి దూకి అడ్డవాలు పట్టుకోవాలి. కంచె వైపు ఈడ్చే ఆ వాలు మీద స్కీ అంచు ఒక్క క్షణం పట్టు తప్పితే అంతే. పోయిన వేగం చివరి జారుడులో తిరిగి రాదు. వెంగెన్‌ది వేరే పరీక్ష. నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర, రెండున్నర నిమిషాల పరుగు, రైలు వంతెన కిందుగా కూడా పోవాలి. కిట్స్‌బ్యూల్ ధైర్యాన్ని అడిగితే వెంగెన్ ఊపిరిని అడుగుతుంది.

స్ట్రైఫ్ మీద డౌన్‌హిల్‌ను ఐదుసార్లు గెలిచింది క్యూష్ ఒక్కడే. చివరిది 2012లో, 37 ఏళ్ల వయసులో, రిటైర్మెంట్ ప్రకటించిన రెండు రోజులకే. ఆయనకు ఒలింపిక్ డౌన్‌హిల్ పతకం లేదు, ప్రపంచ చాంపియన్‌షిప్ డౌన్‌హిల్ స్వర్ణం కూడా లేదు. ముల్లర్‌దేమో 19 విజయాల పట్టిక, అందులో కిట్స్‌బ్యూల్ కనిపించదు. ఎబర్‌హార్టర్ 2004లో స్ట్రైఫ్‌ను 1.21 సెకన్ల తేడాతో గెలిచాడు. అప్పటికి పోటీ బాగా చిక్కబడింది. ఒక్క పరుగును మాత్రమే ఎంచమంటే క్లామర్ ఇన్స్‌బ్రుక్ కన్నా దీన్ని ఎంచేవాళ్లు రేసర్లలో తక్కువేం కాదు. క్లామర్‌ది వదిలేసుకుని కాపాడుకున్న పరుగు, ఎబర్‌హార్టర్‌ది గీత గీసినట్టు దిగిన పరుగు. ఇటలీ రేసర్ డొమినిక్ పారిస్ స్ట్రైఫ్ మీద మూడు డౌన్‌హిల్స్, బొర్మియోలో ఆరు గెలిచాడు. గులకరాళ్ల మీద దిగుతున్నట్టు కాళ్లు దద్దరిల్లే బొర్మియోలో అన్నిసార్లు గెలిచినవాడికి డౌన్‌హిల్ సీజన్ టైటిల్ ఎందుకు దక్కలేదన్న ప్రశ్నకు జవాబు సులువే: మిగతా కొండలు బొర్మియో కావు.

ఇంకో కోణం, చాలా చర్చల్లో మాట వరసకు మాత్రమే వచ్చేది, ప్రాణాలతో ఉండడం. డౌన్‌హిల్‌లో గాయం తగులుతుందా లేదా అన్నది కాదు, ఎంత పెద్దది అన్నదే తేడా. 1991లో వెంగెన్‌లో గెర్నాట్ రైన్‌స్టాడ్లర్, 1994లో గార్మిష్‌లో ఉల్రికె మయర్ ట్రాక్ మీద పడి, ఆ గాయాలతో చనిపోయారు. ఇప్పుడు రేసర్లు డ్రెస్ లోపల ఎయిర్‌బ్యాగ్ వేసుకుని దిగుతున్నా ఆసుపత్రి దారి మూతపడలేదు. హెర్మన్ మయర్ 1998 నగానో డౌన్‌హిల్‌లో గాల్లోకి ఎగిరి కంచెలు దాటి పడ్డాడు. కొద్ది రోజుల్లోనే లేచి రెండు స్వర్ణాలు గెలిచాడు, డౌన్‌హిల్‌లో మాత్రం కాదు. స్విందాల్ 2007లో బీవర్ క్రీక్‌లో ఘోరంగా పడి, మళ్లీ వచ్చి, 2018లో 35 ఏళ్ల వయసులో ఒలింపిక్ డౌన్‌హిల్ గెలిచాడు. ఫోయిట్స్‌కు 2012లో మోకాలికి ఇన్ఫెక్షన్ వచ్చి కాలే తీసేయాల్సి వస్తుందేమో అన్నంత దాకా వెళ్లింది. తర్వాత 2018 నుంచి 2021 వరకు వరసగా నాలుగు టైటిళ్లు, 2022లో ఒలింపిక్ స్వర్ణం. వరసగా నాలుగు అంటే క్లామర్ తర్వాత మగవాళ్లలో ఎవరికీ దక్కనిది. కండలు తిరిగిన పోస్టర్ హీరోలాగా కాకుండా పొట్టిగా గుండ్రంగా ఉండే ఫోయిట్స్ మేటి జాబితాల్లో ఆరోవాడిగానో ఏడోవాడిగానో మిగిలిపోతాడు. ఇది చూపుల తప్పే తప్ప లెక్కల తప్పు కాదు. ఎక్కడ బ్రేక్ వేయకూడదో ఆయన కాళ్లకు తెలిసినంతగా ఆ తరంలో ఇంకెవరి కాళ్లకూ తెలియదు.

ఇప్పటి పేరు మార్కో ఓడర్‌మాట్. 2023లో డౌన్‌హిల్ ప్రపంచ చాంపియన్ అయ్యేనాటికి ఆయన వరల్డ్ కప్ డౌన్‌హిల్ ఒక్కటీ గెలవలేదు. మొదటిది 2024లో వెంగెన్‌లో వచ్చింది. ఆ ఏడాదీ, 2025లోనూ డౌన్‌హిల్ టైటిల్ ఆయనదే. జెయింట్ స్లాలమ్ కూడా గెలుస్తూ డౌన్‌హిల్ గెలవడం కిలీ కాలంలో వింత కాదు. అందరూ ఏదో ఒకదానికే అంకితమైపోయిన ఈ కాలంలో వింతే. 2025 సీజన్ దాకా స్ట్రైఫ్ డౌన్‌హిల్ మాత్రం ఆయనకు చిక్కలేదు. దాన్ని బట్టి ఆయన్ని ఎంత తగ్గించాలన్నది, ముల్లర్‌ను ఎంత తగ్గించామన్న దాన్ని బట్టే ఉండాలి. ఒకరికి ఒక గీటురాయి, ఇంకొకరికి ఇంకోటి పెట్టకూడదు.

ఇంతవరకు వచ్చిన పేర్లు ఎక్కువగా మగవాళ్లవే. ఈ చర్చ ఎక్కడ జరిగినా అలాగే జరుగుతుంది. అందుకు ఒక కారణం గీటురాళ్లలోనే ఉంది. వరల్డ్ కప్ కేలెండర్‌లో స్ట్రైఫ్ మీద జరిగేది మగవాళ్ల రేసే. కిట్స్‌బ్యూల్ గెలవనివాళ్లు మేటి కాదు అన్నామంటే ఆడవాళ్లను ముందే జాబితాలోంచి తీసేసినట్టు. ఆ షరతు తీసేసి, తోటివాళ్లకన్నా ఎంత ముందు, ఎన్నేళ్లు అన్న మొదటి కొలతనే పట్టుకుంటే లెక్క మారిపోతుంది.

ఆస్ట్రియాకు చెందిన అన్నెమారీ మోజర్-ప్రోల్ 36 వరల్డ్ కప్ డౌన్‌హిల్స్ గెలిచింది. క్లామర్ కన్నా 11 ఎక్కువ. 1972-73 సీజన్‌లో ఎనిమిది డౌన్‌హిల్స్ జరిగితే ఎనిమిదీ ఆమెవే, అంటే క్లామర్‌కు మెజేవ్‌లో చేజారింది కూడా ఆమెకు చేజారలేదు. 1972 డిసెంబర్ నుంచి 1974 జనవరి దాకా వరసగా 11 డౌన్‌హిల్స్ గెలిచింది. ఏడు డౌన్‌హిల్ టైటిళ్లు. 1975-76లో ఒక సీజన్ మొత్తం మానేసింది, సొంత దేశంలో జరిగిన ఒలింపిక్స్‌తో సహా. మిట్టర్‌మయర్ డౌన్‌హిల్ స్వర్ణం గెలిచింది ప్రోల్ లేని ఆ రేసులోనే. తిరిగొచ్చి ఇంకో రెండు టైటిళ్లు, 1978లో ప్రపంచ చాంపియన్‌షిప్, 1980లో లేక్ ప్లాసిడ్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచి తప్పుకుంది.

ఆమె రికార్డును 2016లో దాటిన అమెరికా రేసర్ లిండ్సే వాన్ 2019లో మొదటిసారి రిటైరయ్యేనాటికి 43 డౌన్‌హిల్స్, ఎనిమిది టైటిళ్లతో ఉంది. 2011 డిసెంబర్‌లో కెనడాలోని లేక్ లూయిస్‌లో ఒక డౌన్‌హిల్‌ను 1.95 సెకన్లతో గెలిచింది. అంత తేడా ఈ కాలంలో మగవాళ్ల రేసులోనూ ఊహించలేం. 2012లో మగవాళ్లతో కలిసి అక్కడే దిగనివ్వమని అడిగితే అంతర్జాతీయ స్కీ సమాఖ్య కుదరదంది. 2013లో మోకాలి లిగమెంట్లు తెగి, ఎముక విరిగి, తిరిగొచ్చి ఇంకో రెండు టైటిళ్లు గెలిచింది. ఆమె మీద వచ్చే పెద్ద అభ్యంతరం లేక్ లూయిసే: మొత్తం విజయాల్లో 18 ఆ ఒక్క ఊళ్లోనివి, అందులో 14 డౌన్‌హిల్స్. ఆ ట్రాక్ జారుడుకు అనువైనదే, భయపెట్టేది కాదు. కానీ ఆ 14 తీసేసినా 29 మిగులుతాయి. ఆ 29 కూడా క్లామర్ మొత్తం కన్నా ఎక్కువే. వాన్ తర్వాత వచ్చిన సోఫియా గోజా నాలుగు టైటిళ్లు గెలిచింది. 2022 డిసెంబర్‌లో సెయింట్ మోరిట్స్‌లో చెయ్యి విరిగితే ఆపరేషన్ చేయించుకుని మర్నాడే గెలిచింది. గాయాలు ఇన్నిసార్లు అడ్డుపడకపోతే ఈ జాబితాలో ఆమె ఇంకా పైనుండేది.

ప్రోల్ మీద అభ్యంతరం సైలర్ మీద వచ్చినదే: 1970లలో మహిళల పోటీ పలచన, దేశాలు తక్కువ, పెద్ద జట్లు తక్కువ. అందులో నిజం ఉంది. అయితే ప్రోల్‌కు ఎదురు నిలిచినవాళ్లు అనామకులేం కాదు. 1972 సపోరో ఒలింపిక్స్‌లో స్విస్ అమ్మాయి మారీ-తెరేజ్ నాడిగ్ డౌన్‌హిల్‌లోనూ జెయింట్ స్లాలమ్‌లోనూ ఆమెను రెండో స్థానానికి నెట్టింది. ఎనిమిదేళ్ల తర్వాత లేక్ ప్లాసిడ్‌లో అదే నాడిగ్ మూడో స్థానంలో, లీష్టెన్‌స్టైన్‌కు చెందిన హాన్నీ వెంజెల్ రెండో స్థానంలో ఉండగా ప్రోల్ 0.70 సెకన్లతో గెలిచింది. వెంజెల్ అదే ఒలింపిక్స్‌లో మిగతా రెండు స్వర్ణాలూ తీసుకుంది. పోటీ పలచన అన్న మాట అంటే క్లామర్‌కూ అనాలి. ఆయన గెలిచిందీ ఆ దశాబ్దంలోనే, ఆ గడ్డి మోపుల మధ్యే. ఆయనకు మాఫీ చేసిన బాకీని ఆమె దగ్గర వసూలు చేయడం న్యాయం కాదు.

మొత్తం విజయాలను ముందు పెడితే వాన్, గెలిచిన కొండల బరువును ముందు పెడితే క్యూష్, ఒక్క పరుగు గుర్తుండిపోవడాన్ని ముందు పెడితే క్లామర్. తోటివాళ్లను ఎంతగా వెనక్కి నెట్టారు, ఎన్నేళ్లు నెట్టారు అన్నది ముందు పెడితే మాత్రం మొదటి పేరు ప్రోల్‌ది. క్లామర్ మగవాళ్లలో మొదటివాడు, మొత్తం మీద మూడోవాడు. రెండో స్థానం వాన్‌ది. ఈ వరసతో పేచీ పెట్టాలనుకునేవాళ్లకు మంచి చోటు మొదటి రెండు పేర్ల మధ్య ఉంది. ప్రోల్ 1980లో, ఇంకా 27 ఏళ్లు నిండని వయసులో, తప్పుకుంది. వాన్ ముప్పై దాటాక కూడా, కుట్లు వేసిన మోకాళ్లతో, గెలుస్తూనే ఉంది.